పెదవేగికి వచ్చిన చైనా విద్యార్థి, బందరుకు వచ్చిన ఇంగ్లీషు మాస్టారు



చైనాలో ఇవాళ కోట్లమంది బడిపిల్లలు ఇంగ్లీషు నేర్చుకుంటున్నారు. ప్రాథమిక పాఠశాలల్లో మూడో తరగతి నుంచే ఇంగ్లీషు మొదలుపెట్టాలని అక్కడి ప్రభుత్వం 2001లో నిర్ణయించింది. షాంఘై లాంటి నగరాల్లో ఒకటో తరగతిలోనే మొదలవుతుంది. వీళ్లకు పాఠాలు చెప్పడానికి ఎన్నో దేశాల నుంచి యువతీయువకులు పెట్టే బేడా సర్దుకుని వెళ్లారు. ఏడాది ఉండి వద్దామని వెళ్లి, పిల్లల ఇళ్లలో పండగ భోజనాలు చేసి, వాళ్ల భాషలో నాలుగు మాటలు పట్టుబడ్డాకగానీ తమ పాఠం దారిన పడలేదని తెలుసుకున్నవాళ్లు వాళ్లలో చాలామంది.

ఈ కబురు ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల శ్రోతలకు ఎందుకంటే, కారణాలు రెండున్నాయి. మన పిల్లలూ ఇవాళ అదే ఇంగ్లీషుతో కుస్తీ పడుతున్నారు. పైగా చైనాకూ ఈ సీమకూ చదువు సంబంధం దాదాపు పధ్నాలుగు వందల ఏళ్ల నాటిది. అప్పుడు విద్యార్థి చైనావాడు, నేర్పిన నేల మనది.

ఆ విద్యార్థి పేరు హ్యూయన్‌త్సాంగ్. ఏడో శతాబ్దంలో బౌద్ధ గ్రంథాల కోసం ఎడారులూ మంచుకొండలూ దాటి భారతదేశానికి వచ్చాడు. నలందలో శీలభద్రుడి దగ్గర చదువుకున్నాడు. అక్కణ్ణించి దక్షిణాదికి తిరిగి, 639 ప్రాంతంలో ఆంధ్రదేశంలో అడుగుపెట్టాడు. తన యాత్రా గ్రంథంలో ఇక్కడి రాజధానిని పింగ్‌చిలో అని రాసుకున్నాడు. అది వేంగి అని, అంటే ఏలూరుకు దగ్గర్లోని పెదవేగి అని చరిత్రకారులు పోల్చారు. నేల సారవంతమని, ఎండ తీవ్రమని రాశాడు. ఇక్కడివాళ్ల మాట మధ్యదేశపు మాటకు భిన్నంగా ఉందని, అక్షరాల రూపాలు మాత్రం చాలావరకు కలుస్తాయని కూడా రాశాడు. పొలాల్నీ గుళ్లనీ చూసిపోయే బాటసారికి ఈ తేడా తట్టదు. సంస్కృతం కష్టపడి నేర్చుకున్న పరాయి దేశపు విద్యార్థి చెవికీ కంటికీ మాత్రమే అది అందుతుంది.

ఆ రాజధానికి దగ్గర్లో ఒక ఒంటరి కొండ ఉందని, బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు తర్కశాస్త్ర గ్రంథం రాసింది అక్కడేనని హ్యూయన్‌త్సాంగ్ చెప్పాడు. 645లో స్వదేశం చేరాక ఆయన దిఙ్నాగుడి ‘న్యాయముఖా’న్ని 649లో చైనా భాషలోకి అనువదించాడు. వేంగి పరిసరాల్లో తిరిగిన తార్కికుడి మాట అలా చైనా విద్యార్థుల చేతికి అందింది.

ఆయన జీవితంలోని మరో ఘట్టం ఇంకా ముచ్చటైనది. వేంగి తరవాత ఆయన ధాన్యకటకానికి, అంటే నేటి అమరావతి ప్రాంతానికి వెళ్లాడు. అక్కడ సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు భిక్షువులు కలిశారు. ఇద్దరూ మహాసాంఘిక శాఖ గ్రంథాల్లో పండితులు. కొన్ని నెలలపాటు ఆయన వాళ్ల దగ్గర ఆ గ్రంథాలు చదివాడు. వాళ్లేమో ఆయన దగ్గర మహాయాన శాస్త్రాలు చదివారు. ఉదయం గురువైన మనిషి సాయంత్రానికి శిష్యుడయ్యే ఏర్పాటన్నమాట. ఈ సంగతి ఆయన శిష్యులు రాసిన జీవితచరిత్రలో ఉంది.

ఇక ఇప్పటి చైనా తరగతి గది సంగతి చూద్దాం.

టీచరు లోపలికి రాగానే పిల్లలంతా లేచి నిలబడి ఒక్క గొంతుతో నమస్కారం చెబుతారు. ఇది మనకు కొత్త కాదు. రోజులో ఒకటి రెండు సార్లు మైకులో సంగీతం మొదలవుతుంది. పిల్లలు పుస్తకాలు మూసి, కళ్లు మూసుకుని, లెక్క ప్రకారం కళ్ల చుట్టూ వేళ్లతో నొక్కుకుంటారు. అది కళ్ల వ్యాయామం. 1960ల నుంచి చైనా బడుల్లో నడుస్తోంది. సాయంత్రం వంతులవారీగా పిల్లలే గది ఊడ్చి, నల్లబల్ల తుడిచి ఇంటికి వెళతారు. పేరును ఎర్ర సిరాతో రాయడం అక్కడ అశుభం. దిద్దిన కాగితం మీద పిల్లవాడి పేరు ఎర్ర పెన్నుతో రాసిన కొత్త టీచరుకు, పక్కనున్న చైనా టీచరు నెమ్మదిగా చెప్పి మార్పించాల్సి వస్తుంది. పై తరగతులకు వెళ్లేకొద్దీ చదువంతా పరీక్ష చుట్టూనే తిరుగుతుంది. కాలేజీ ప్రవేశానికి రాసే గావ్‌కావ్ పరీక్షలో చాలాచోట్ల మొత్తం 750 మార్కులు, అందులో 150 ఇంగ్లీషువే. విదేశీ టీచరుకు దక్కేది చాలాసార్లు వారానికి ఒక్క సంభాషణ పీరియడు. ఎదురుగా నలభై యాభైమంది పిల్లలు. వ్యాకరణం, పరీక్షల బరువు చైనా టీచర్లే మోస్తారు.

ఆ పిల్లలు చేసే తప్పులు గమనిస్తే వాళ్ల భాష తెలుస్తుంది. మాట్లాడేటప్పుడు ‘అతను’కీ ‘ఆమె’కీ వాళ్ల భాషలో శబ్దం ఒకటే, తేడా రాతలోనే. అందుకే ఇంగ్లీషులో అమ్మను ‘హీ’ అని, నాన్నను ‘షీ’ అని అనేస్తుంటారు. కాలాన్ని బట్టి వాళ్ల క్రియ రూపం మారదు. నిన్న, ఇవాళ, రేపు అని ముందు చెబితే చాలు. దాంతో ఇంగ్లీషులో ‘గో’ ఎప్పుడు ‘వెంట్’ అవుతుందో గుర్తుంచుకోవడం కష్టం. మన పిల్లలకు ఆ ఇబ్బంది అంతగా లేదు. వచ్చాడు, వస్తాడు, వస్తున్నాడు అని నోరు తిరిగినప్పటి నుంచీ క్రియను మారుస్తూనే ఉంటారు. మనవాళ్ల చిక్కంతా వాక్యం వరసలో ఉంది. తెలుగులో క్రియ చివర వస్తుంది. ఇంగ్లీషులో కర్త పక్కనే వచ్చి కూర్చుంటుంది. చైనా భాషలోనూ అది కర్త పక్కనే ఉంటుంది కాబట్టి, ఆ మేరకు చైనా పిల్లలకు సుళువు.

రాత దగ్గరకొస్తే కథ వేరు. మన పిల్లవాడు గుణింతం నేర్చుకుని, రాసిందే చదువుతాం, చదివిందే రాస్తాం అన్న నమ్మకంతో ఇంగ్లీషు స్పెల్లింగు దగ్గరికి వస్తాడు. ‘నైఫ్’ ముందు ‘కే’ ఎందుకుందో అర్థంకాక తల పట్టుకుంటాడు. చైనా పిల్లలకు వందల కొద్దీ అక్షర చిత్రాలను గీతగీతా కంఠస్థం చేయడం అలవాటు. స్పెల్లింగు కూడా అలాగే బట్టీ పడతారు. వాళ్ల ఇబ్బంది మరోచోట ఉంది. 1958లో చైనా ప్రభుత్వం పిన్‌యిన్ అనే పద్ధతి తెచ్చింది. సొంత భాష ఉచ్చారణనే రోమన్ అక్షరాల్లో రాసే పద్ధతి అది. బడిలో చేరగానే నేర్పుతారు. అందులో ‘క్యూ’ అక్షరానికి దాదాపు మన ‘చ’ ధ్వని ఉంటుంది. అదే అక్షరం ఇంగ్లీషు పాఠంలో ‘క్వీన్’ అయి వస్తే పిల్లలు తడబడతారు. ఈ సంగతులు తెలిసిన టీచరు తప్పు ఎక్కణ్ణించి వచ్చిందో పట్టుకుంటాడు. తెలియని టీచరు అదే మాటను మళ్లీ మళ్లీ గట్టిగా పలికిస్తూ ఉంటాడు.

అమెరికా నుంచో ఇంగ్లండు నుంచో వెళ్లిన టీచరుకు వింతగా తోచేవి కొన్ని, మన ఏలూరు వాళ్లకు సొంతింటి సంగతుల్లా ఉంటాయి. చైనాలో ఇంటిపేరు ముందు, సొంత పేరు తరవాత. మనకూ అంతే. ‘మై బ్రదర్’ అనగానే అక్కడి పిల్లవాడు పెద్దవాడా చిన్నవాడా అని ఆలోచిస్తాడు. వాళ్లకూ అన్న వేరు, తమ్ముడు వేరు, అక్క వేరు, చెల్లెలు వేరు. నాన్న తరఫు తాతకు ఒక పిలుపు, అమ్మ తరఫు తాతకు మరో పిలుపు. ఎదురుపడితే ‘తిన్నారా’ అని పలకరించడం పెద్దవాళ్లలో ఇంకా ఉంది. చందమామలో మనలాగే వాళ్లూ కుందేలును చూస్తారు. చాంద్రమానం లెక్కన జనవరి, ఫిబ్రవరి మధ్య వాళ్ల కొత్త సంవత్సరం వస్తుంది, పిల్లల చేతికి ఎర్ర కవరులో డబ్బు పెడతారు. మనకు ప్రభవ, విభవ అని అరవై సంవత్సరాల చక్రం ఉన్నట్టే వాళ్లకూ అరవై ఏళ్ల చక్రం ఉంది. అరవయ్యో పుట్టినరోజును ఒక చుట్టు పూర్తయినట్టుగా వాళ్లూ ఘనంగా జరుపుకుంటారు. మన షష్టిపూర్తి ఫొటో చూపించి, అక్కడి పిల్లల చేత వాళ్ల తాతగారి అరవయ్యో పుట్టినరోజు గురించి చెప్పించే అవకాశం తెలుగు టీచరుకు ఉన్నంతగా లండను టీచరుకు ఉండదు.

2021 జులైలో చైనా ప్రభుత్వం బడిపిల్లల మీద హోంవర్కు, ట్యూషన్ల భారం తగ్గించాలని కఠిన నిబంధనలు తెచ్చింది. బడి పాఠాల మీద లాభం కోసం నడిచే కోచింగు సంస్థలకు కళ్లెం పడింది. విదేశాల్లో కూర్చున్న టీచర్లను పెట్టుకుని ఆన్‌లైన్‌లో చైనా పిల్లలకు పాఠాలు చెప్పించడం ఆగింది. మరోపక్క మన తెలుగు పిల్లలు ఎంతోమంది వైద్య విద్య కోసం చైనా వెళుతూనే వచ్చారు. తరగతి గదిలో పాఠం ఇంగ్లీషులో జరిగినా, వార్డులో రోగిని ‘నొప్పి ఎక్కడ’ అని అడగాలంటే చైనా భాష రావలసిందే. అక్కడ మన పిల్లలకు గురువులు ఆ రోగులూ నర్సులే.

పరాయి దేశం నుంచి వచ్చి మన పిల్లలకు ఇంగ్లీషు చెప్పినవాళ్ల సంగతికి వస్తే, కొల్లేటికి అవతల బందరు ఉంది. 1841లో చర్చి మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్ బందరుకు, అంటే మచిలీపట్నానికి వచ్చాడు. రాగానే బడి పెట్టలేదు. ముందు తెలుగు నేర్చుకున్నాడు. 1843లో ఇంగ్లీషు బడి తెరిచాడు. ఆ బడే తరవాత నోబుల్ కాలేజీ అయింది. మళ్లీ ఇంగ్లండు ముఖం చూడకుండా 1865లో చనిపోయేదాకా బందరులోనే ఉండిపోయాడు.

ఆ చరిత్రలో మెచ్చుకోవలసినవీ ఉన్నాయి, బాధ కలిగించేవీ ఉన్నాయి. తొలి రోజుల్లో ఆ బడి పై కులాల పిల్లల కోసమే నడిచింది. ఊరి కట్టుబాట్లు తెలుసుకోవడం వేరు, వాటికి తలొగ్గి పేదపిల్లల ముందు తలుపు మూయడం వేరు. 1852లో ఇద్దరు విద్యార్థులు క్రైస్తవం పుచ్చుకున్నారు. ఊరంతా గగ్గోలెత్తి, తల్లిదండ్రులు పిల్లల్ని బడి మాన్పించారు. తమ పిల్లలు తమకు కాకుండా పోతారేమోనన్న భయం ఆ ఇళ్లలో ఎంతగా ఉందో దాన్నిబట్టి ఊహించుకోవచ్చు. మెల్లగా పిల్లలు తిరిగొచ్చారు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన బందరును ముంచేసింది. సుమారు ముప్పైవేలమంది చనిపోయారని అంచనా. ఆ దెబ్బ తట్టుకుని కూడా బడి నిలిచింది.

ఆ కాలేజీలో తరవాతి తరంలో ఇంగ్లీషు చెప్పినవారిలో రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు ఒకరు. 1862లో బందరులో పుట్టిన తెలుగువాడు. ఆయన శిష్యుల్లో కొల్లేటికి దగ్గర్లోని గుండుగొలనులో 1880లో పుట్టిన పిల్లవాడు ఒకడున్నాడు. ఏలూరులో హైస్కూలు చదువు ముగించి బందరు చేరాడు. ఆ పిల్లవాడే భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు. భారత జాతీయ కాంగ్రెసు చరిత్రను ఇంగ్లీషులో రాసి 1935లో దేశం ముందు పెట్టారు. అదే గురువుగారి శిష్యులు కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు పట్టాభిగారితో కలిసి 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపించారు. ముట్నూరివారు తెలుగులో కృష్ణాపత్రిక నడిపిన తీరు అందరికీ తెలిసిందే. షేక్‌స్పియర్‌ను ఔపోసన పట్టిన ఆ యువకులు తెలుగును పక్కన పెట్టలేదు. ఇంగ్లీషును ఊరికి పనికొచ్చేలా మలచుకున్నారు.

అలా ఊరికి పనికొచ్చిన ఇంగ్లీషు మాటలు వినడానికి ఇప్పుడు కొల్లేట్లోకి రండి.

సరస్సు గర్భంలో 46 ఊళ్లు, అంచున 76 ఊళ్లు అని లెక్క. గర్భంలోవాటిని బెడ్ గ్రామాలని, అంచునున్నవాటిని బెల్ట్ గ్రామాలని పిలవడం అక్కడ చదువురాని ముసలివాళ్లకు కూడా అలవాటు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరు ఉప్పుటేరు గుండా సముద్రంలో కలుస్తుంది. ఆటపాకలో అటవీ శాఖ వేయించిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు పిల్లల్ని చేసుకుంటాయి. 1999లో ఐదో కాంటూరు వరకు సుమారు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లు కొట్టేశారు.

కాంటూరు అనేది భూగోళ శాస్త్రజ్ఞులు వాడే మాట. సముద్ర మట్టానికి ఒకే ఎత్తున ఉన్న చోట్లన్నిటినీ కలిపే గీత. పట్నంలో ఇంగ్లీషు మీడియం చదివిన పిల్లవాణ్ణి అడిగితే తడుముకుంటాడు. లంకలో నాలుగో తరగతి పిల్లవాడు మాత్రం తమ తాత చేను ఐదో కాంటూరు లోపల ఉందో బయట ఉందో చెబుతాడు. ఎందుకంటే ఆ ఇంట్లో అన్నం, అప్పు, కోర్టు కాగితం అన్నీ ఆ గీతను బట్టే ఉంటాయి.

కైకలూరు, ఆకివీడు చుట్టుపక్కల రొయ్యల చెరువుల దగ్గర మరో మాట వినిపిస్తుంది. కౌంటు. కిలోకి వంద రొయ్యలు తూగితే వంద కౌంటు. ముప్పై తూగితే ముప్పై కౌంటు. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. పట్టుబడి రోజున తండ్రితో గట్టు మీద నిలబడిన పిల్లకు ఈ లెక్క వేళ్ల మీద ఉంటుంది. అదే పిల్లకు మర్నాడు బడిలో ‘బిగ్’, ‘బిగ్గర్’, ‘బిగ్గెస్ట్’ పాఠం వస్తుంది. పుస్తకంలో ఏనుగు, ఎలుక బొమ్మలుంటాయి. పాఠం చెప్పే టీచరు బయటి ఊరివారై, కౌంటు అంటే ఏమిటో ఆ పిల్లనే అడిగితే పాఠం మరోలా నడుస్తుంది. ఏ కౌంటు రొయ్య పెద్దది? దేనికి ధర ఎక్కువ? దేనికి మేత ఎక్కువ పడుతుంది? ఈ మూడు ప్రశ్నలకు జవాబు ఇంగ్లీషులో చెప్పించేసరికి తరతమ భేదాల పాఠం అయిపోతుంది. ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చునే పిల్ల ఆ పూట నల్లబల్ల దగ్గర నిలబడి టీచరుకు లెక్క వివరిస్తుంది.

2020 నుంచి మన రాష్ట్రంలో ప్రభుత్వ బడి పిల్లలకు రెండు భాషల పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో అదే పాఠం తెలుగులో. మంచి ఏర్పాటు. అయితే లంక పిల్లవాడికి తెలిసిన కొర్రమీను, గడ్డిచేప, మావులు పెట్టి చేపలు పట్టడం, ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర, ఐసు వేసి పెట్టెలు సర్దుకుని దూరాలకు బయల్దేరే చేపల లారీలు ఆ పేజీల్లో కనిపించడం అరుదు. రాష్ట్రమంతటికీ ఒకటే పుస్తకం వేసినప్పుడు అన్ని ఊళ్లూ అందులో పట్టవు. ఆ ఖాళీని నింపగలిగింది టీచరే. చైనా పిల్లల పొరపాటు వెనక ఉన్న చైనా భాషను గమనించిన విదేశీ టీచరు చేసిందీ, తెలుగు నేర్చుకున్నాకే బడి తెరిచిన నోబుల్ చేసిందీ ఈ పనే.

తాడేపల్లిగూడెం వైపు శ్రోతలకు ఒక ప్రతిపాదన ఉంది. 2015లో అక్కడ ఎన్‌ఐటీ వచ్చింది. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లకైతే, తక్కిన సగం బయటి రాష్ట్రాల వాళ్లకు. అంటే తెలుగు రాని విద్యార్థులు ఏటా ఆ ఊరికి వస్తున్నారు. వాళ్లకు ఇంగ్లీషు వచ్చు. బజారులో బేరమాడటానికి, బస్సు ఎక్కడాగుతుందో అడగడానికి, మెస్సులో కూర కారం తగ్గించమని చెప్పడానికి తెలుగు కావాలి. చుట్టుపక్కల ప్రభుత్వ బడుల్లో ఆ తెలుగు నేర్పగల పిల్లలు వందల్లో ఉన్నారు. వాళ్లకేమో తప్పు పోతుందన్న భయం లేకుండా ఇంగ్లీషు మాట్లాడే చోటు కావాలి.

శనివారం బడి వదిలాక ఒక గంట ఇద్దరికీ సరిపోతుంది. మొదటి అరగంట పిల్లలే టీచర్లు. కూరగాయల బండి దగ్గర ఏమనాలో, పెద్దవాళ్లను ఎలా పిలవాలో, ఎవరిని మీరు అనాలో, ఎవరిని నువ్వు అనాలో వాళ్లు నేర్పాలి. రెండో అరగంట ఆ కాలేజీ విద్యార్థులు పిల్లల్ని ఇంగ్లీషులో ప్రశ్నలడగాలి. మీ చెరువు లోతెంత, మీ అమ్మ చేపల పులుసు ఎలా పెడుతుంది, మీ ఊరి జాతరకు ఎవరెవరు వస్తారు అని. పిల్లవాడికి తెలిసి, అడిగేవాళ్లకు నిజంగా తెలియని ప్రశ్నలే అడగాలి. దీనికి ప్రత్యేకంగా నిధులు అక్కర్లేదు. హెడ్‌మాస్టారి అనుమతి, కాలేజీ వైపు నుంచి బాధ్యత తీసుకునే ఒక అధ్యాపకుడు, పిల్లల్ని ఇళ్లకు చేర్చే ఏర్పాటు ఉంటే చాలు. జూన్‌లో బడులు తెరిచేలోగా పాఠశాల యాజమాన్య కమిటీల్లోని తల్లిదండ్రులు ఈ మాట తమ హెడ్‌మాస్టారి ముందు పెడితే, దసరా సెలవులకు ముందే మొదటి శనివారాలు నడపవచ్చు.